రెండడుగుల అక్వేరియంలో ఎవరితో ఎవరు?



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఏటా కవితలు, సూక్తులు, పొడుపుకథలు, పదవ తరగతి వారి వీడ్కోలు మాటలు వస్తుంటాయి. ఈసారి మేము చేపల గురించి రాస్తున్నాం. స్టడీ హాలులో గోడవారగా ఉన్న రెండడుగుల అక్వేరియం మీ అందరికీ తెలిసిందే. పరీక్షలు అయ్యాక మేము హాస్టలు విడిచి వెళ్ళిపోతాం. తొట్టి, చేపలు మాత్రం ఇక్కడే ఉంటాయి. వాటిని చూసుకోవలసింది మీరే. రేపు ఒక చేప చనిపోతే దాని స్థానంలో ఏది తేవాలి, ఏది తేకూడదు అన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ రోజు చెప్పడానికి మేము ఉండం. కావున మాకు తెలిసినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

మాలో చాలామందికి చేపలు కొత్త కాదు. మన హాస్టలులో సగం మంది తల్లిదండ్రులు చేపల చెరువుల మీద పనిచేసేవారే. కొందరి నాన్నలు మేత కడతారు, కొందరి నాన్నలు రాత్రి కాపలా ఉంటారు, పట్టుబడి రోజున వల లాగడానికి వెళ్తారు. సెలవుల్లో మేమూ వెళ్ళినవాళ్ళమే. బొచ్చె, శీలావతి, కొర్రమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, ఇలా ఏ చేపను చూపించినా మన ఆరో తరగతి పిల్లలు పేరు చెప్పేస్తారు. అయితే అవి అమ్ముకోవడానికో, వండుకోవడానికో పెంచే చేపలు. కేవలం చూసుకోవడానికి చేపను పెంచడం మా ఇళ్ళలో ఎవరికీ అలవాటు లేదు. మన హాస్టలులోనే చదువుకుని ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక అన్న తన పాత గాజు తొట్టిని తెచ్చి ఇచ్చినప్పుడు, ఇందులో ఏం వెయ్యాలి అన్న ప్రశ్న వచ్చింది. దాని మీద సుమారు నెల రోజులు వాదోపవాదాలు జరిగాయి.

ముందు తొట్టి సంగతి చెప్పాలి. దాని పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగు. లెక్క కడితే 56 లీటర్లు పైన వస్తుంది. కానీ అడుగున గులకరాళ్ళు పోయాలి, పైన రెండంగుళాలు ఖాళీ ఉంచాలి. నికరంగా పట్టే నీళ్ళు 45 లీటర్లే. అంటే మనం స్నానానికి వాడే బకెట్లతో మూడు బకెట్ల నీళ్ళు. చెరువులో ఒక చేపకు దొరికే నీటితో పోలిస్తే ఇది ఏపాటి? అందుకే మన సైన్స్ మాస్టారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. "మీకు ఏ చేప నచ్చిందో తరవాత చెప్పండి. ఈ మూడు బకెట్ల నీళ్ళల్లో ఏ చేప బతకగలదో ముందు చెప్పండి" అన్నారు. ఆ మాటను అట్ట మీద రాసి తొట్టి పక్కన అంటించాం.

తొట్టి కోసం 115 మందిమి తలా 10 రూపాయలు వేసుకున్నాం. మొత్తం 1,150 రూపాయలు పోగయ్యాయి. బయటివాళ్ళకు ఇది చిన్న మొత్తమే. మనకు కాదు. ఆ పది రూపాయలు వెయ్యడానికి కొందరు తమ్ముళ్ళు రెండు వారాలు బజ్జీల బండి వైపు చూడలేదు. 115 మంది డబ్బుతో కొన్న చేప వారం తిరక్కుండా చచ్చిపోతే రేపు ఇంకెవరైనా ఏదైనా చేద్దామన్నా ఎవరూ పైసా ఇవ్వరు. కాబట్టి చేపల ఎంపిక ఆటగా తీసుకోలేదు. పట్టణంలో రెండు దుకాణాలు తిరిగాం, మాస్టారిని అడిగాం, గ్రంథాలయంలో దొరికింది చదివాం. అందరి కోరికలూ ఒక పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కటే పరీక్షించాం.

ఎక్కువ ఓట్లు గోల్డ్‌ఫిష్‌కే వచ్చాయి. సినిమాల్లో గుండ్రటి గాజు గిన్నెలో ఒంటరిగా తిరిగే బంగారు చేప అదే. గోల్డ్‌ఫిష్‌ది చైనా దేశం. అది చల్లటి నీటిని కోరుకునే చేప. మన ప్రాంతపు ఎండాకాలంలో తొట్టి నీళ్ళు గోరువెచ్చగా అవుతాయి. పైగా అది దుకాణంలో రెండంగుళాలే ఉన్నా బాగా పెంచితే జానెడు దాకా పెరుగుతుంది. తిండి ఎక్కువ, వ్యర్థం ఎక్కువ. మూడు బకెట్ల నీళ్ళను ఒక్క చేపే పాడుచేసేస్తుంది. గిన్నెలో వేసిన గోల్డ్‌ఫిష్ చిన్నగానే ఉంటుందని దుకాణదారులు చెబుతుంటారు. చిన్నగా ఉండిపోవడం ఆరోగ్యం కాదు, అది పెరగలేకపోవడం. అలా దానిని కొట్టేశాం.

తరవాత ఆస్కార్. తొమ్మిదో తరగతి అన్నలకు అదంటే మోజు. చేతి వేలికి దగ్గరగా వస్తుంది, మనిషిని గుర్తుపడుతుంది అంటారు. నిజమే. కానీ అది అడుగు దాకా పెరుగుతుంది. మన తొట్టి వెడల్పే అడుగు. వెనక్కి తిరగడానికి కూడా చోటు ఉండదు. దాని నోట్లో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే.

ఏంజెల్ చేప చాలా అందమైనది. కానీ ఎదిగాక రెక్కలతో కలిపి ఎత్తు అరడుగు దాటుతుంది. పట్టణంలో ఒక ఇంట్లో ఏంజెల్ చేపలతో పాటు నియాన్ టెట్రాలు కలిపి వేశారని, రోజుకొకటి చొప్పున నియాన్లు తగ్గిపోతూ వచ్చాయని, చేపలు ఎటు పోతున్నాయో వారికి అర్థం కాలేదని మాకు తెలిసింది. అవి ఎటూ పోలేదు, ఏంజెల్ కడుపులోకే పోయాయి. రెండూ అమెజాన్ ప్రాంతపు చేపలే. అక్కడ పెద్దది చిన్నదాన్ని తిని బతుకుతుంది. అద్దాల మధ్య పెట్టినంత మాత్రాన ఆ స్వభావం మారదు. ఇక్కడ మేము నేర్చుకున్న మొదటి సూత్రం ఇది: ఒక చేప ఇంకో చేప నోట్లో పట్టేటట్లయితే ఆ రెంటినీ కలపకూడదు.

నియాన్ టెట్రాలను మాత్రమే తెద్దామా అంటే అదీ కుదరలేదు. అవి పుట్టిన ఏర్లలో నీళ్ళు చాలా మెత్తన. మనవి డెల్టా బోరు నీళ్ళు. సబ్బు నురగ రాదు, బకెట్లకు తెల్లటి పొర కడుతుంది. అంటే కఠిన జలం. నీటిని మార్చడం కంటే ఆ నీటికి తగిన చేపను తేవడం తేలిక. ఇది రెండో సూత్రం.

టైగర్ బార్బ్ అనే పచ్చటి చేప మీద నల్లటి చారలుంటాయి. ధర తక్కువ, చురుకైనది. కానీ పక్కవాడి రెక్కలు కొరకడం దాని అలవాటు. నెమ్మదిగా తిరిగే పొడవాటి తోక చేపతో కలిపితే నాలుగు రోజుల్లో ఆ తోక చిరుగుపాత అవుతుంది.

ఫైటర్ చేప పేరులోనే దాని గుణం ఉంది. థాయిలాండు దేశపు చేప. 2019లో ఆ దేశం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. రెండు మగ ఫైటర్లను ఒకే తొట్టిలో వేస్తే రెక్కలు చీలేదాకా పోట్లాడుకుంటాయి. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి సీసాలో కూడా బతుకుతుందని చిన్న చిన్న సీసాల్లో పెట్టి అమ్ముతారు. బతకడం వేరు, బాగుండడం వేరు. ఒక్కదాన్నే వేరే తొట్టిలో ఉంచుకునేవారికి అది మంచి చేప. మనకు కాదు.

ఏడో తరగతి తమ్ముడు ఒకడు డబ్బు ఖర్చు లేని ఉపాయం చెప్పాడు. "అన్నా, మురుగుకాలువలో దోమపిల్లల్ని తినే చేపలు బోలెడున్నాయి కదా, అవి పట్టుకొచ్చేద్దాం" అన్నాడు. అవి గంబూషియా చేపలు. మలేరియా విభాగం వారు బావుల్లో, కుంటల్లో వదులుతుంటారు. అమెరికా నుంచి వివిధ దేశాలకు వ్యాపించిన ఈ చేప 1928లో మన దేశానికి వచ్చింది. దోమ లార్వాలను తింటుంది గానీ తోటి చేపల రెక్కలను కూడా కొరుకుతుంది, చిన్న పిల్లలను తినేస్తుంది. ఇంకో తమ్ముడు ఏకంగా కొర్రమీను పిల్లను డబ్బాలో తెచ్చాడు. అప్పుడు వేలెడంత ఉంది. పెద్దదైతే మిగతా చేపలనే కాదు, మూత తీసి ఉంటే తొట్టి దాటి స్టడీ హాలులోకి కూడా వచ్చేస్తుంది. అందరం నవ్వుకుని దాన్ని తెచ్చిన చెరువులోనే వదిలి రమ్మన్నాం.

అన్నిటికంటే పెద్ద వాదన సక్కర్ చేప మీద జరిగింది. మేము తిరిగిన దుకాణాల్లో ఒకచోట దీనిని కొనమని గట్టిగా చెప్పారు. "ఇదొక్కటి వేసుకోండి, మిగతా చేపల మలం అంతా ఇదే తినేస్తుంది, మీరు తొట్టి కడగక్కరలేదు" అన్నారు. అది నిజం కాదు. సక్కర్ అద్దం మీద పట్టిన పాచిని తింటుంది గానీ మలం తినదు. పైగా అదే ఎక్కువ మలం వేస్తుంది. అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఏం చెయ్యాలో తెలియక చాలామంది దాన్ని చెరువులో, కాలువలో పారబోస్తారు. అలా పారబోసిన దక్షిణ అమెరికా సక్కర్లు మన నదుల్లో, చెరువుల్లో పెరిగిపోయాయి. జాలరులు వాటిని దెయ్యం చేపలు అంటున్నారు. ఒళ్ళంతా గట్టి పెచ్చులు, ముళ్ళు ఉండటం వల్ల వలలు చినిగిపోతాయి. మంచి చేపల గుడ్లను, మేతను తింటాయి. అమ్ముదామంటే కొనేవారు లేరు. హైదరాబాదులోని సీసీఎంబీ వారి లాకోన్స్ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏను పరీక్షించి ఈ చేప తూర్పు కనుమల ప్రాంతపు జలాశయాల్లో ఎంతగా వ్యాపించిందో తేల్చారు. తమ్ముళ్ళారా, చినిగే వల ఎవరిది? మీ నాన్నది, మా మామయ్యది. అందుచేత ఒక్కటి గుర్తుంచుకోండి. అక్వేరియం చేపను ఏ పరిస్థితిలోనూ చెరువులో గానీ కాలువలో గానీ వదలకూడదు. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఏం మిగిలింది అని మీరు అడగవచ్చు. దారి చూపింది మళ్ళీ చెరువే. మన చెరువుల్లో బొచ్చె, శీలావతి, మృగాల మూడింటినీ కలిపి పెంచుతారు. బొచ్చె నీటి పైభాగంలో తింటుంది. శీలావతి మధ్యలో తింటుంది. మృగాల అడుగున తింటుంది. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. మన రైతులు తరతరాలుగా చూసి తెలుసుకున్న ఈ కలయిక వలననే ఒకే చెరువులో మూడు పంటలు తీయగలుగుతున్నారు. అక్వేరియంలోనూ అంతే. పైన తిరిగేది, మధ్యలో తిరిగేది, అడుగున తిరిగేది అని చూసుకుంటే తగాదాలు ఉండవు.

మేము ఎన్నుకున్న మొదటి చేప జీబ్రా. ఒంటి మీద నిలువునా తోక దాకా నీలి గీతలుంటాయి. పెద్దదైనా రెండంగుళాలు దాటదు. ఇది మన ఉపఖండపు చేపే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో 1822లో దీనిని మొదట వర్ణించారు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వ్యాధుల పరిశోధనకు ఈ చేపను పెంచుతున్నారు. 2013లో దీని జన్యుపటం పూర్తిగా ప్రచురించినప్పుడు మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సాటి జన్యువులు ఈ చేపలో ఉన్నాయని తేలింది. చలికీ వేడికీ తట్టుకుంటుంది. అయితే ఒంటరిగా ఉంచితే బెదురుతుంది, లేదా పక్కవాటిని తరుముతుంది. కనీసం ఆరు ఉండాలి. ఆరూ కలిసి ఉంటే వాటి పరుగులూ తరుములాటలూ వాటిలో అవే ఆడుకుంటాయి.

రెండో చేప ప్లాటీ. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలది. ఎర్రగా, నారింజ రంగులో బొద్దుగా ఉంటుంది. కఠిన జలం దీనికి ఇష్టం. మన బోరు నీళ్ళు దీనికి సరిగ్గా సరిపోయాయి. గప్పీలు కూడా ఈ నీటిలో బాగుంటాయి గానీ మగ గప్పీకి విసనకర్రలాంటి పొడవాటి తోక ఉంటుంది. హుషారుగా తిరిగే జీబ్రాలు అప్పుడప్పుడు ఆ తోకను పీకే అవకాశం ఉంది. ప్లాటీ తోక పొట్టిది. అందుకని గప్పీని వదిలి ప్లాటీని తీసుకున్నాం.

ప్లాటీలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. సుమారు నెలకొకసారి ఇరవై ముప్పై పిల్లలు పుట్టవచ్చు. మగచేప లేకుండా ఆడచేపల్నే తెచ్చినా లాభం లేదు. దుకాణంలో ఉండగానే అవి గర్భంతో ఉండవచ్చు. ఒకసారి మగచేపతో కలిస్తే నెలల తరబడి పిల్లల్ని కంటూనే ఉంటాయి. 45 లీటర్ల తొట్టి మూడు నెలల్లో నిండిపోతుంది. అందుకే మొత్తం మగవాటినే ఏరి తెచ్చాం. పొట్ట కింద, తోకకు ముందు ఉండే రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది, పుల్లలా సన్నగా ఉంటే మగది. మీరు కొనేటప్పుడు కూడా ఇలాగే చూసి తీసుకోండి.

అడుగున తిరిగే కోరీ చేపల్ని కూడా వేద్దామని చాలామంది అడిగారు. అవి మంచివే, ఎవరి జోలికీ పోవు. కానీ అవి కూడా ఆరుంటేనే బాగుంటాయి. వాటి మీసాలు గీరుకోకుండా అడుగున మెత్తటి ఇసుక కావాలి. మన తొట్టిలో గులకరాళ్ళున్నాయి. ఇంకో ఆరు చేపలకు నీళ్ళూ చాలవు. మూడో అంతస్తు ఖాళీగా ఉంది కదా అని నింపాలని లేదు. అది ఖాళీగానే ఉండనిచ్చాం.

చేపలకంటే ముందు నీళ్ళు సిద్ధం కావాలి. చేప మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. మన బోరు నీటిలాంటి క్షార జలంలో దాని విషం మరింత ఎక్కువ. సైన్సు పుస్తకంలో మనం చదువుకున్న నత్రజని వలయమే ఇక్కడ పనిచేస్తుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. దానివల్ల అంత ప్రమాదం లేదు, వారం వారం కొంత నీరు మారిస్తే తగ్గిపోతుంది. ఈ బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో ఇల్లు కట్టుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన మాస్టారు తన ఇంటి అక్వేరియంలోని పాత స్పాంజి ముక్క ఇచ్చి మనకు మేలు చేశారు. ముందు మూడు జీబ్రాలే వేశాం. మూడు వారాలు చూశాం. తరవాత మిగతా మూడు. ఇంకో రెండు వారాలకు ప్లాటీలు అయిదు. అన్నీ ఒకేరోజు వేసి ఉంటే ఆ కొత్త నీరు తట్టుకునేది కాదు.

ఖర్చు లెక్క కూడా రాస్తున్నాం. ఫిల్టరు 380, గులకరాళ్ళు 150, యాంటీ క్లోరిన్ సీసా 50, మేత 60, చిన్న వల 30. వెరసి 670 రూపాయలు. జీబ్రాలు ఒక్కొక్కటి 20 చొప్పున 120, ప్లాటీలు 30 చొప్పున 150. వెరసి 270. మొత్తం 940 పోగా 210 రూపాయలు మిగిలాయి. చేపల కంటే వాటికి వసతి కల్పించడానికే ఎక్కువ ఖర్చయింది. వసతి సంగతి మనకు తెలియనిది కాదు కదా!

మార్చి నెలలో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. మేము పరీక్షలకు కొవ్వొత్తులు పెట్టుకుని చదువుతున్నాం. కొల్లేరు లంక నుంచి వచ్చిన ఆరో తరగతి తమ్ముడు ఒకడు, హాస్టలుకు వచ్చిన మొదటి రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడని వాడు, అర్ధరాత్రి దాటాక లేచి తొట్టి దగ్గరకు వెళ్ళాడు. వెంటనే మా దగ్గరకు పరుగున వచ్చి "అన్నా, చేపలు నోళ్ళు తేలేస్తున్నాయి" అన్నాడు. చెరువు మీద కాపలా ఉండే వాళ్ళ నాన్న దగ్గర విన్న మాట అది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే చెరువులో చేపలు తెల్లవారుజామున అలాగే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఫిల్టరు ఆగి నాలుగు గంటలయింది. ఆ వేడికి నీటిలో ఆక్సిజన్ నిలవదు. మెస్సు గ్లాసులు తెచ్చాం. నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి తొట్టిలోనే పొయ్యడం మొదలుపెట్టాం. పది నిమిషాలకొకరు వంతు వేసుకున్నాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ లేచారు. వాచ్‌మన్ బాబాయ్ కూడా రెండు వంతులు పోశాడు. అయిదు గంటలకు కరెంటు వచ్చింది. పదకొండు చేపలూ బతికాయి. అక్కడ పదకొండు కాక ముప్పై ఉంటే మా గ్లాసులు చాలేవి కావు. తక్కువ చేపల్ని వెయ్యడం ఎందుకో ఆ రాత్రి అందరికీ తెలిసింది. ఆ తమ్ముడే ఇప్పుడు మేత ఇన్‌చార్జి. ఇప్పుడు వాడి మాటలు ఆపడమే కష్టం.

ఇంకొక సంగతి రాయకుండా ఉండలేం. ఒకరోజు హాస్టలు చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి తొట్టి ముందు నిలబడి, ఏ చేపను దేనితో కలపకూడదో మేము రాసి అంటించిన పట్టిక చదివారు. చదివి, "చూశారా, చేపల్లో కూడా ఏ జాతి దానిదే. ప్రకృతి నియమం అది" అన్నారు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో గానీ మా అందరికీ గుండెల్లో ఏదో గుచ్చుకున్నట్లయింది. మా ఊళ్ళలో మా ఇళ్ళు ఎక్కడ ఉంటాయో, ఎందుకు అక్కడ ఉంటాయో మాకు తెలుసు. అప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు చేతులు కట్టుకునే ఇలా అన్నాడు. "సార్, ఈ తొట్టిలో ఉన్నవి రెండు జాతులండి. ఒకటి గంగ ఒడ్డుది, ఒకటి మెక్సికోది. కలిసే ఉంటున్నాయి. చచ్చేదాకా పోట్లాడుకునే ఫైటర్లు రెండూ ఒకే జాతివండి."

ఆయన ఏమీ అనలేదు. మేము మాత్రం ఆ మాట గురించి చాలా రోజులు మాట్లాడుకున్నాం. సైన్సులో జాతి అంటే ఒక అర్థం ఉంది. గోల్డ్‌ఫిష్, ఆస్కార్, జీబ్రా వేర్వేరు జాతులు. వాటి ఒళ్ళు వేరు, నోటి పరిమాణం వేరు, కావలసిన నీళ్ళు వేరు. కాబట్టి వాటిని చూసి కలపాలి. మనుషులందరిదీ ఒకే జాతి. అందరం తాగేది అవే నీళ్ళు. ఎవరి నోరూ ఇంకొకరిని మింగేటంత పెద్దది కాదు. అందువల్ల చేపల పట్టికను మనుషులకు వర్తింపజేస్తే అది సైన్సు కాదు. చేపల నుంచి నేర్చుకోదగినది ఏమైనా ఉంటే అది వేరు. తొట్టిలో తగాదా వస్తే ముందు చేపను తిట్టకూడదు. చోటు చాలుతోందా, తిండి అందరికీ అందుతోందా, తోడు ఉందా అని చూడాలి. ఒక గదిలో ఇరవై మందిమి పడుకునే మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మీకు అప్పగింతలు. మేత రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో అవి తినేసేటంతే వెయ్యండి. ఇడ్లీ ముక్కలు, అన్నం మెతుకులు ఎవరూ వెయ్యకూడదు. మేత వేసేది ఒక్కరే కావాలి. 115 మంది తలా చిటికెడు వేస్తే అది ప్రేమ కాదు, విషం. వారానికొకసారి ఒక బకెట్టు పాత నీరు తీసి అంతే కొత్త నీరు పొయ్యండి. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన రోజుల్లో నీటిని ఒకరోజు ముందు పట్టి ఉంచి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి వాడండి. స్పాంజిని కుళాయి కింద కడగకండి. తీసిన పాత నీటిలోనే పిండండి, లేకపోతే మంచి బాక్టీరియా చచ్చిపోతుంది. కొత్త చేపను తెస్తే కవరుతోనే తొట్టిలో పావుగంట తేలనిచ్చి, కొంచెం కొంచెంగా మన నీరు కలిపి, వలతో చేపను మాత్రమే లోపలికి వదలండి. దుకాణం నీరు పారబొయ్యండి.

దసరా, సంక్రాంతి సెలవులకు వెళ్ళేముందు మేత ఎక్కువగా వేసి వెళ్ళకండి. రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఎదిగిన చేపలకు ఏమీ కాదు. తరవాత రోజు విడిచి రోజు వాచ్‌మన్ బాబాయ్ చిటికెడు వేస్తానన్నాడు. వేసవి సెలవుల్లో మాస్టారు తమ ఇంటి తొట్టిలో ఉంచుతామన్నారు. ఆయన దగ్గర కూడా జీబ్రాలే ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

ఈ చిన్న చేపల ఆయుష్షు రెండు మూడేళ్ళు. ఈ ఏడాది ఆరో తరగతి చదివిన వారు పదో తరగతికి వచ్చేసరికి ఈ పదకొండింటిలో ఏదీ ఉండకపోవచ్చు. అప్పుడు ఏం తేవాలో మీ ఇష్టం. మేము చెప్పిన చేపలనే తేవాలని లేదు. అయితే మూడు ప్రశ్నలు వేసుకుని తెండి. ఎదిగాక ఎంతవుతుంది? మన నీళ్ళు దానికి సరిపడతాయా? ఇప్పటికే ఉన్నవాటితో అది ఎలా ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి.

మిగిలిన 210 రూపాయలు, లెక్కల పుస్తకం వార్డెన్ సార్ దగ్గర ఉన్నాయి. తొట్టి ఇచ్చిన అన్నకు, స్పాంజి ఇచ్చిన మాస్టారికి, రాత్రి గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ప్రతి తమ్ముడికీ మా కృతజ్ఞతలు. అందరూ బాగా చదువుకుని మంచి పేరు తెచ్చుకోవాలని కోరుకుంటూ,

ఇట్లు,
మీ పదవ తరగతి అన్నలు